టాంటలం కోసం పదకొండు బెజ్జాలు

చీమకుర్తి క్వారీలో జాన్ బాషా రాయిని చూడడు, పొడిని చూస్తాడు. జాక్ హ్యామర్ దిగుతుంటే బెజ్జంలోంచి ఎగజిమ్మే పొడిని గుప్పిట్లోకి తీసుకుని, బొటనవేలితో రుద్ది, బండ సంగతి చెప్పేస్తాడు. నల్లబూడిదలా సన్నగా వస్తే బండ నిండుగా ఉంది. తెలుపు తిరిగితే లోపల చార నడుస్తోంది. ఎరుపు కలిసిందంటే నెర్రె. డిగ్రీలున్నవాళ్ళు టోపీలు పెట్టుకుని వచ్చి బండ చుట్టూ తిరిగి వెళ్తారు. వాళ్ళ కారు మలుపు తిరిగాక సూపర్‌వైజర్ ప్రద్యుమ్న మెల్లగా దగ్గరికొస్తాడు.

"ఏరా బాషా, ఏమంటోంది పొడి?"

ఇరవై రెండేళ్ళ చదువు అది. దానికి ఫీజు ఊపిరితిత్తులతో కట్టాడు. నలభై నాలుగేళ్ళకే మేడ మెట్లెక్కుతూ మూడో మెట్టు దగ్గర ఆగిపోతున్నాడు. గుంటూరు బ్రాడీపేటలో ఛాతీ డాక్టరు ఎక్స్‌రేని వెలుతురుకి ఎత్తిపట్టి, వేలితో తెల్లచుక్కలు చూపించాడు. "ఇది తగ్గేది కాదు బాషా. ఉన్నది నిలబెట్టుకోవాలంటే దుమ్ములోంచి బయటికి రావాలి. ఈ ఏడే రావాలి. పైఏడు వచ్చినా ఒకటే, రాకపోయినా ఒకటే."

క్వారీల్లో దుమ్ముకి మందు బెల్లం. పని దిగగానే గోలీకాయంత ముక్క బుగ్గన పెట్టుకుంటే లోపలి దుమ్మంతా కడిగేస్తుందని అందరికీ నమ్మకం. బెల్లం కడుపులోకి పోతుంది, దుమ్ము రొమ్ములోకి పోతుంది, రెండిటికీ దారులు వేరు. ఇంత చిన్న సంగతి వాళ్ళకి ఎవరూ చెప్పరు, ఎందుకంటే మాస్కుల కన్నా బెల్లం చౌక. జాన్ బాషా ఇరవై రెండేళ్ళూ నిష్ఠగా బెల్లం తిన్నాడు.

డాక్టరు మాట విన్న రోజు నుంచి అతనికి ఒకటే లెక్క: ఏడాదిలోగా జాక్ హ్యామర్ వదలాలి. వదిలి ఏం చేయాలి? చేతిలో ఉన్న విద్య ఒక్కటే. కనిగిరి వైపు నాన్న వదిలిన ఎకరమున్నర చేను ఉంది. మిరప వేస్తే వేరు దిగలేదు, పత్తి వేస్తే మోకాలెత్తున ఆగిపోయింది. చేను మధ్యలో నాగలికి తగిలే తెల్లరాతి చార ఒకటి పామువెన్నులా పడుకుని ఉంది. పలుగురాయి, పింగాణీలా మెరిసే ఫెల్‌స్పార్, మధ్యమధ్య కాకిబంగారం రేకులు. వాళ్ళ నాన్న చచ్చేదాకా ఆ చారని తిట్టాడు.

ఆ చార మీద ఒక బెజ్జం వేసి, పొడిని మూటగట్టి ప్రద్యుమ్నకి ఇచ్చాడు. ప్రద్యుమ్న దాన్ని తనకి తెలిసిన ఒక ప్రైవేటు ల్యాబ్‌కి పంపాడు. రిపోర్టు వచ్చిన రోజు ఫోను ఊపుకుంటూ షెడ్డులోకి పరిగెత్తుకొచ్చాడు.

"ఒరేయ్ బాషా! టాంటలంరా! ప్రతి సెల్‌ఫోన్లో ఇంత వేస్తారంట. మామూలు రాయిలో పది లక్షల వంతులకి రెండో మూడో ఉంటది. నీ చేలో నలభై ఒకటిరా, నలభై ఒకటి!"

"మంచిదేనా?"

"మంచిదా ఏంది! మనం తవ్వలేమనుకో, లీజు సర్కారోళ్ళు ఇవ్వాల. కానీ సరుకుందని కాయితం మీద చూపిస్తే పెద్ద కంపెనీ వాడే వచ్చి నీ కాళ్ళ దగ్గర కూర్చుంటాడు. వాచ్‌మన్ కుర్చీలో కూర్చుని నీ చేను నువ్వే కాసుకోవచ్చు. నీడపట్టున!"

జాన్ బాషాకి కంపెనీ వినపడలేదు. కుర్చీ వినపడింది.

ప్రద్యుమ్నది వట్టి పేరాశ కాదు. రాతిద్రవం భూమి అడుగున చల్లారేటప్పుడు ఖనిజాలు ఒకదాని తర్వాత ఒకటి గడ్డకడతాయి. మిర్చి యార్డులో వ్యాపారి కాయ ఏరినట్టు ప్రతి ఖనిజమూ తనకి సరిపోయే మూలకాన్ని ఏరుకుంటుంది. టాంటలం ఎవరి అల్లికలోనూ ఇమడదు. తాలుకాయలా చివరి రాశిలో మిగిలిపోతుంది. ఆ ఆఖరి ద్రవం బండల పగుళ్ళలోకి దూరి గడ్డకట్టిన చారనే పెగ్మటైట్ అంటారు. టాంటలం దొరికితే అలాంటి చారలోనే దొరకాలి. వెతికిన చోటు సరైనదే. ఈ కథలో ఘోరమంతా అక్కడే ఉంది.

ఒక్క బెజ్జంతో ఎవడూ నమ్మడన్నాడు ప్రద్యుమ్న. హ్యామర్‌ని నడిపే క్వారీ గాలి కంప్రెసర్‌ని ఆదివారాలు ఇప్పించాడు. జాన్ బాషా వారమంతా చీమకుర్తిలో కొట్టి, సెలవు రోజున చేలో కొట్టాడు. దుమ్ము మానెయ్యమని డాక్టరు చెప్పిన మనిషి దుమ్ముకి ఏడో రోజు కూడా రాసిచ్చాడు.

మూడో ఆదివారం అతని భార్య మెహర్ నీళ్ళ డ్రమ్ముతో చేలోకి వచ్చింది.

"నీళ్ళు పోసి కొట్టవయ్యా! పొగమబ్బులో నుంచున్నట్టున్నావు. మొహం కనపడతల్లేదు."

"నీళ్ళు పోస్తే పొడి బురదయిపోద్ది. సరుకంతా బెజ్జంలోనే పేరుకుపోద్ది. ఎండుపొడే కావాల."

"సరుకు కోసం నువ్వు పోతావు."

"పోకుండా ఉండటానికేగా ఈ తిప్పలు! ఇంకో నాలుగు వారాలు. ఆ తర్వాత ఈ హ్యామర్‌ని నువ్వే బాయిలో పడేద్దువు."

"పడేసేది హ్యామర్‌నో నిన్నో చూద్దాం," అని డ్రమ్ము అక్కడే ఒంపేసి వెళ్ళిపోయింది మెహర్.

ముక్కుకి తువ్వాలు బిగించి, గోనె మీద పొడి పట్టుకుంటూ, గింజ కూడా పోకుండా పదకొండు బెజ్జాలు వేశాడు. పలుగురాయి గట్టిది. హ్యామర్ మొనకి తొడిగే బిట్టు మీద బిట్టు అరిగింది. రెండో రిపోర్టులో పైపొడిలో ముప్ఫై ఎనిమిది, ఎనిమిది అడుగుల కింద పొడిలో అరవై మూడు. "లోతుకి పోయేకొద్దీ పెరుగుతోందిరా!" అని ప్రద్యుమ్న ఆ అంకె కింద ఎర్రగీత గీశాడు. ఆ రాత్రి జాన్ బాషా దగ్గు ఆగక గోడకి ఆనుకుని కూర్చునే తెల్లవార్చాడు. అయినా నవ్వుతూనే ఉన్నాడని మెహర్ చెబుతుంది.

కంపెనీ వాళ్ళకి చూపించే ముందు చదువుకున్నవాళ్ళ సంతకం ఒకటి ఉంటే మంచిదని గుంటూరు బస్సెక్కాడు. అక్కడ రాగసుధ ఒక కాలేజీలో భూరసాయనం చెబుతుంది. ఒకప్పుడు విద్యార్థులతో క్వారీ చూడటానికి వచ్చి, ఇతను పొడి చదవడం చూసి నోట్సు రాసుకున్న మనిషి. రిపోర్టులు రెండుసార్లు చదివింది.

"బాషా గారూ, ఇందులో మిగతా అంకెలు ఎవరైనా చూశారా?"

"టాంటలం ఒక్కటే చూశామమ్మా. గీత కూడా గీశాడు మావాడు."

"నియోబియం పధ్నాలుగే ఉంది. టాంటలం, నియోబియం కవలల్లాంటివి. భూమిలో ఒకటి పోగైతే రెండోది దాని పక్కనే పోగవ్వాలి. ఇక్కడ ఒకటి పెరిగింది, రెండోది కదల్లేదు. పైగా టంగ్‌స్టన్ రెండు వేలు దాటింది, కోబాల్ట్ రెండు వందలు."

"అయితే మా చేలో అన్నీ ఉన్నాయన్నమాట," అని నవ్వబోయాడు. ఆమె నవ్వలేదు.

"దేంతో కొట్టారు?"

"జాక్ హ్యామర్‌తోనమ్మా. కార్బైడ్ బిట్టు."

"ఆ కార్బైడ్ టంగ్‌స్టన్‌దే. కోబాల్ట్‌తో అతికిస్తారు. కొన్ని రకాల్లో టాంటలం కూడా కాస్త కలుపుతారు. ఎన్ని బిట్లు అరిగాయి?"

"నాలుగు."

"అరిగిందంతా ఎటు పోయిందనుకున్నారు?"

జాన్ బాషా తన బొటనవేలి వంక చూసుకున్నాడు. ఇరవై రెండేళ్ళుగా పొడిలో బండని చదివాడు. పొడిలో బిట్టు కూడా ఉంటుందని ఒక్కసారీ తట్టలేదు. క్వారీలో తట్టాల్సిన పనీ లేదు. రంగు చూసి బండ సంగతి చెప్పేవాడికి అది అడ్డం రాదు.

"లోతున ఎక్కువొచ్చిందిగా తల్లీ?"

"లోతున పలుగురాయి ఎక్కువుందా?"

"ఉంది."

"గట్టిరాయి. బిట్టు ఎక్కువ అరిగింది."

రాగసుధ రిపోర్టులు మడిచి అతనికి తిరిగిచ్చింది. "నా మాట కూడా నమ్మొద్దు. బిట్టు తగలని రాయి తెచ్చివ్వండి. ఏ లోహమూ కలవని రోట్లో నూరి చూద్దాం."

అలాంటి రాయి ఇంట్లోనే ఉంది. మామగారి రోజుల్లో చార మీదనుంచి గడ్డపారకి ఊడివచ్చిన తెల్లముక్కని మెహర్ ఊరగాయ జాడీ మీద బరువుకి పెట్టుకుంది. అడిగితే కిమ్మనకుండా కడిగి, పైటతో తుడిచి ఇచ్చింది. అది ఇచ్చివచ్చిన పన్నెండు రోజులూ జాన్ బాషా చేలోకి పోలేదు. ఫోను జేబులోంచి తీయలేదు. కుర్చీ సంగతి ఎత్తలేదు.

రాగసుధ ఫోను చేసిన పొద్దున మెహర్ స్పీకరు నొక్కింది.

"రెండు, బాషా గారూ. టాంటలం రెండే. టంగ్‌స్టన్ లేనట్టే లెక్క. మామూలు చార."

"సరేనమ్మా." ఊపిరి అందుకోవడానికి ఆగాడు. "ఒక మాట. ఆ పొడి సంచుల్లోకి కొంతే పోయింది. మిగతాది నేను పీల్చా. పొడిలో బిట్టు ఉంటే..."

రాగసుధ అబద్ధమాడే అలవాటు లేని మనిషి. "కోబాల్ట్ ఊపిరితిత్తులకి మంచిది కాదండీ. డాక్టరుకి ఈ సంగతి కూడా చెప్పండి."

డాక్టరు కొత్త ఎక్స్‌రేని పాతదాని పక్కన పెట్టాడు. కొత్తదాంట్లో తెల్లచుక్కలు ఎక్కువయ్యాయి. పక్కపక్కన పెట్టాక మాట అక్కర్లేదు. జాన్ బాషా మాత్రం బిట్టు సంగతి చెప్పాడు. డాక్టరు రాసుకున్నాడు, అంతే.

ఇలాంటి చోట "కష్టే ఫలి" అనేవాళ్ళుంటారు. పదకొండు బెజ్జాల కష్టం అతని రొమ్ములో ఉంది. ఫలం ఎవరైనా చూపిస్తే చూస్తాను.

సోమవారం చీమకుర్తికే వెళ్ళాడు, వేరే ఊరు తెలియదు కనుక. ప్రద్యుమ్న అతని కళ్ళలోకి చూడకుండా కొత్త బిట్టు తెచ్చి చేతిలో పెట్టాడు.

"నీళ్ళ పైపు వెయ్యి. తడి పెట్టి కొడతా," అన్నాడు జాన్ బాషా.

"రేపు వేద్దాంలేరా. లోడు లారీ నిలబడి ఉంది."

జాన్ బాషా హ్యామర్ ఎత్తి బండకి ఆనించాడు. అడుగున్నర దిగింది. పొడి నల్లబూడిదలా, సన్నగా వచ్చి పాదాల మీద పడింది. వంగి గుప్పిట్లోకి తీసుకోలేదు.

"ఏమంటోందిరా పొడి?" అని అలవాటుగా అరిచాడు ప్రద్యుమ్న.

రెండో అడుగు దాటకముందే హ్యామర్ పక్కకి ఒరిగింది. జాన్ బాషా బండ మీద కూలబడి రెండు చేతులూ మోకాళ్ళ మీద ఆన్చుకున్నాడు. ప్రద్యుమ్న పరిగెత్తి కంప్రెసర్ ఆపేశాడు. యంత్రం ఆగింది, చప్పుడు ఆగలేదు. గీసినట్టు, అరిగినట్టు ఆ చప్పుడు జాన్ బాషా రొమ్ములోంచి వస్తోంది.