దేవసహాయం సెలవు చీటీలు

1954 జూన్‌లో పెరంబూరులోని ఒక ఇనుప కార్ఖానాలో నన్ను టైం ఆఫీసు రెండో గుమాస్తాగా వేశారు. పనివాళ్ళ హాజరు, సెలవు చీటీలు చూసే గది అది. చీటీ ఇంగ్లీషులోనే ఉండాలని రూలు. పనివాళ్ళ జట్టు మీద ఉండే చార్జిహ్యాండు సంతకం చేస్తే, అతని పైన ఫోర్‌మన్ సిఫారసు చేస్తాడు. ఆ తరవాత హెడ్ గుమాస్తా ఆ మనిషి ఫైలు తీసి, పాత చీటీలతో పోల్చి, మంజూరో కాదో రాస్తాడు. కొలిమి దగ్గర పనిచేసేవాళ్ళకు ఇంగ్లీషు రాదు కనుక ఆ చీటీలు రాయడం నా పనిగా స్థిరపడింది.

ఇంగ్లీషు చిత్రమైన భాష. తెలుగులో ఇంటికి పోవాలంటే పోవాలంటాం. ఇంగ్లీషులో ముందు 'ఐ బెగ్' అని అడుక్కోవాలి. ఒళ్ళు కాస్త వెచ్చబడినా 'సఫరింగ్' అని అల్లాడాలి. చివర, మొహం చూడబుద్ధికాని ఫోర్‌మన్‌కు 'మోస్ట్ ఒబీడియంట్ సర్వెంట్' అని దాసోహం అనాలి. మనిషి పోతే 'ఎక్స్‌పైర్డ్' అంటారు, గడువు తీరిన సీజన్ టికెట్టుకీ అదే మాట. సెలవు ఇవ్వకపోతే చీటీ అంచున 'రిగ్రెటెడ్' అని రాస్తారు. విచారించినవాడు మాత్రం ఆ గదిలో ఎవడూ ఉండడు.

ఆ భాష నా చేతికి చిక్కింది. ఉన్న కారణం ఉన్నట్టు రాస్తే నాకు తృప్తిగా ఉండేది కాదు. ఒక ఫిట్టరుకు నేను ఏడుగురు పినతండ్రులను పుట్టించి, ఏడుగురినీ కలరాకు అప్పగించాను. ఏడు సెలవులూ మంజూరయ్యాయి. ఎవరింట్లో ఎవరిని సాగనంపానో నాకే గుర్తుండేది కాదు.

దేవసహాయం కొలిమిలో సమ్మెట కొట్టే మనిషి. వాళ్ళది గూడూరు దగ్గర పల్లె, కాపురం వ్యాసర్పాడిలో గుడిసె. 1955 వానాకాలానికి ముందు వచ్చి, "మూడు దినాలు లీవు గావాల సార్. ఇల్లంతా కారతా ఉండాది, ఆకు మార్చాల" అన్నాడు. గుడిసె కప్పు ఇంగ్లీషులో మరీ చప్పగా కనిపించింది. నేను అతని తల్లిని ఎక్స్‌పైర్ చేయించి, నాలుగు వాక్యాల్లో ఏడ్చాను. అతను వేలిముద్ర వేశాడు. సెలవు దొరికింది. కప్పు వేసుకుని వచ్చి, "మీ చెయ్యి మంచిది సార్" అన్నాడు. ఏం రాశానో అతను అడగలేదు, నేను చెప్పలేదు.

మరుసటి ఏడు ఆగస్టులో, ఒక గురువారం పొద్దున, అతను ఊరి నుంచి తన అన్న ఇచ్చిన తంతి పట్టుకుని పరుగున వచ్చాడు. తల్లికి ప్రాణం మీదికి వచ్చింది, వెంటనే బయలుదేరమని అందులో ఉంది. ఈసారి చీటీలో అబద్ధం అక్కర్లేకపోయింది. అయిదు నిమిషాల్లో రాసి, సంతకాలు పెట్టించి హెడ్ గుమాస్తా రంగయ్య నాయుడి ముందు పెట్టాను. ఆయన మైలాపూరు మనిషి, తీరుబడిగా ఫైలు తిప్పాడు. ఆయన వేలు పాత చీటీ దగ్గర ఆగినప్పుడు గానీ నాకు గుర్తు రాలేదు.

"ఏంరా, మీయమ్మ పోయిన సంవత్సరమే పోయిందే! ఎన్నిసార్లు చస్తాదిరా ఆ ముసిల్ది?"

దేవసహాయం తెల్లబోయాడు. తంతి చూపించాను. "తంతి ఎవడైనా ఇస్తాడయ్యా" అని, ఆయన నా వైపు తిరిగాడు. "ఇది నీ చేతిరాతే గదా. నిజం ఏంది, చెప్పు."

రికార్డులో అబద్ధం రాసిన గుమాస్తాకు ఉద్యోగం ఉండదు. "అతను చెప్పిందే రాశాను సార్" అన్నాను.

దేవసహాయం నా మొహం చూశాడు. తరవాత తల దించుకుని, "అవును సార్. నేనే చెప్పినా. ఇల్లు కారతా ఉంటే ఏందో చెప్పేసినా" అన్నాడు.

రంగయ్య నాయుడు అంచున 'రిగ్రెటెడ్' అని రాసి, తేదీ వేశాడు.

సెలవు కాదన్నాక రాకపోతే పేరు కొట్టేస్తారు. ఇంట్లో అయిదుగురు తినాలి. అతను శనివారం ఒంటిపూట దాకా సమ్మెట కొట్టి గూడూరు బండెక్కాడు. ఆ పొద్దుననే చర్చి వెనక ఆమెను పూడ్చేశారట. సోమవారం సైరన్‌కు ముందే గేటు దగ్గరున్నాడు.

నేనే కొలిమి దగ్గరికి వెళ్ళాను. తల్లి పేరిట జరిగే ప్రార్థన కూటానికి ఒక రోజు సెలవు రాస్తానన్నాను.

"ఒద్దు సార్" అన్నాడు, సమ్మెట దించకుండానే. "మళ్ళా ఏం రాస్తారు? అమ్మ పోయిందని ఆ చీటీలోనే ఉండాది గదా."

తరవాత కొన్నేళ్ళకు హెడ్ గుమాస్తానయ్యాను. ఫైల్లోంచి కాగితం తీసే అధికారం ఆ హోదాకూ లేదు. ఆమె అందులో ఏడాది ముందే పోయి ఉంది. రిటైరయ్యేదాకా నా బల్ల మీద ఒకటే పద్ధతి పాటించాను. చీటీ ఏదైనా, వేలిముద్రకు ముందు ఆ మనిషికి తెలుగులోనో తమిళంలోనో పూర్తిగా చదివి వినిపించాలి. నా చీటీలు చప్పబడ్డాయి. చాలా సెలవులు దొరకలేదు కూడా. అయినా, వేలిముద్ర వేసేవాడికి తెలియని వాక్యం అతని పేరు మీద ఉండకూడదు. నేను ఆ ఉద్యోగంలో నేర్చుకున్నది ఇంతే.