నేను కూర్చుంటే ఆగిపోయే బండి

ఆమదాలవలస దగ్గర ఒక డిగ్రీ కాలేజీలో నేను ఫిజికల్ డైరెక్టర్‌ని. మా గ్రౌండులో గడ్డి కోయడానికి చిన్న ట్రాక్టరు ఉంది. మనిషి ఎక్కి తోలుతుంటే కింద బ్లేడు తిరుగుతుంది. ఏళ్ల తరబడి దాన్ని మా అటెండరే తోలాడు. భారీ మనిషి. నిరుడు వానాకాలంలో మోకాలికి ఆపరేషనై సెలవు పెట్టాడు. ఆటల పోటీలు దగ్గరపడుతున్నాయి, గడ్డి పిక్కల దాకా పెరిగింది. ఎవరూ ముందుకు రాకపోతే తాళంచెవి నేనే తీసుకున్నాను.

మొదటి రోజే సగం వరస కోశానో లేదో, ఇంజను టక్కున ఆగిపోయింది. మళ్లీ తిప్పితే వెంటనే అందుకుంది. కొంతదూరం పోయి మళ్లీ ఆగింది. పెట్రోలు చూశాను, ఉంది. ఎయిర్ ఫిల్టరు దులిపాను. ప్లగ్గు కొత్తది వేయించాను. తేడా ఏమీ లేదు.

అరసవల్లిలో పవర్ టిల్లర్లు బాగుచేసే మెకానిక్‌ని పిలిపించాను. ఆయన కార్బురేటరు విప్పి కడిగి, బిగించి, తనే ఎక్కి గ్రౌండు చుట్టూ రెండు రౌండ్లు తోలాడు. ఒక్కసారీ ఆగలేదు.

"ఇంజను బాగున్నాది మేడమ్. ఏటీ లేదు" అన్నాడు.

నేనెక్కాను. నాలుగో వరసలో ఆగింది.

ఆయన బండినీ నన్నూ చూశాడు. "మీకు అలవాటు లేదు కదా. మగోలు తోలితే నడుస్తాది" అని సామాను సర్దుకున్నాడు.

ఆ మాట నాకు గుచ్చుకుంది. కానీ ఆయన తోలితే నడిచింది, నేను తోలితే ఆగింది. అది నా కళ్లముందే జరిగింది.

మర్నాడు ఉదయం తోలుతూ, ఎక్కడ ఆగుతోందో చూసుకున్నాను. లాంగ్‌జంప్ గుంట అంచున చక్రం ఎగిరినప్పుడు ఆగింది. కోసిన వరస తిన్నగా వచ్చిందా అని వెనక్కి తిరిగి సగం లేచినప్పుడూ ఆగింది. రెండుసార్లూ నా బరువు సీటు మీద లేదు. నేను నలభై ఎనిమిది కేజీలుంటాను. మెకానిక్ నాకు రెండింతలుంటాడు.

స్పోర్ట్స్ రూములోంచి మగపిల్లల షాట్‌పుట్ గుండ్లు మూడు తెచ్చి, కిట్ బ్యాగులో వేసి, ఒళ్లో పెట్టుకున్నాను. తొడలు నొప్పి పుట్టాయి గానీ, గుంట అంచు మీదుగా మూడుసార్లు తోలినా ఇంజను ఆగలేదు. బ్యాగు దింపి తోలాను. ఆగింది.

మెకానిక్‌కి ఫోన్ చేసి చెప్పాను. మధ్యాహ్నానికి వచ్చి సీటు ఎత్తి చూశాడు. కింద చిన్న స్విచ్చి, దాని పక్కనే లావుపాటి స్ప్రింగు ఉన్నాయి.

"మనిషి దిగిపోతే ఇంజనూ బ్లేడూ ఆగిపోవాలని ఈ స్విచ్చి ఎట్టినారు. స్ప్రింగు బిరుసుగున్నాది, మీ బరువుకి సరిగ్గా నొక్కుకోట్లేదు" అన్నాడు. "వైర్లు రెండూ కలిపేస్తాను. ఇంక మీరు లేచినా ఆగదు."

వద్దన్నాను. ఆ గ్రౌండులో రోజంతా పిల్లలు అడ్డంగా నడుస్తారు.

అటెండరుకు ఫోన్ చేసి స్ప్రింగు సంగతి అడిగాను.

"అది నానే ఏయించాను మేడమ్" అన్నాడు. "నాను కూకుంటే సీటు కిందకి ఒంగిపోయేది. పాతది మన స్టోరు రూములో సున్నం బస్తాల పక్కన డబ్బాలో ఉంటాది, సూడండి."

డబ్బా దొరికింది. మెకానిక్ పాత స్ప్రింగు వేశాడు. నేనెక్కి గుంట అంచు మీదుగా పోయాను, ఇంజను ఆడుతూనే ఉంది.

పోటీలకు రెండు రోజుల ముందే గ్రౌండంతా కోయడం అయిపోయింది. నెల తర్వాత అటెండరు డ్యూటీకి వచ్చాడు. బండెక్కితే సీటు మళ్లీ కిందకి ఒంగింది. స్ప్రింగు మళ్లీ మార్పిద్దామా అని అడిగాను.

"ఎందుకు మేడమ్, మీరే తోలండి" అని దిగిపోయాడు. "ఈ మోకాలితో నాను సున్నం గీతలు గీసుకుంటాను."

ఇప్పటికీ గడ్డి నేనే కోస్తున్నాను.