‘అంగీకరిస్తున్నాను’ నొక్కని బాబాయి

ఇంట్లో అందరూ పిచ్చుక అని పిలిచే అమ్మాయికి ఒక బాబాయి. ఆయనకి ఒకటే జబ్బు. అచ్చులో కనిపించిన ప్రతిదాన్నీ పైకి చదవనిదే వదలడు. మందుసీసాతో వచ్చే కాగితం, సబ్బు పెట్టె వెనక చీమ తలకాయంత అక్షరాలు, ఏదైనా సరే. అందులోనూ ఫోన్లో వచ్చే షరతులంటే ఆయనకు ప్రాణం. లోకమంతా కళ్ళు మూసుకుని ‘అంగీకరిస్తున్నాను’ అని నొక్కేసే చోట ఆయన కుర్చీ లాక్కుని, కళ్ళజోడు తుడుచుకుని, గొంతు సవరించుకునేవాడు.

ఒకసారి ఇంటిల్లిపాదీ రైలుకి బయల్దేరారు. టాక్సీ పిలవమని పిచ్చుక వాళ్ళమ్మ ఫోను ఆయన చేతికిచ్చింది. సరిగ్గా అప్పుడే ఆ టాక్సీ కంపెనీవాళ్ళకి షరతులు మార్చాలని బుద్ధి పుట్టింది.

“ఏమయ్యా, బండి వస్తోందా?”

“వస్తుంది వదినా. ‘ప్రయాణికులు బండిలో మరచిన వస్తువులకు...’”

“మనమింకా ఎక్కనే లేదు కదయ్యా!”

“ఎక్కాక తెలుసుకుని ఏం లాభం?”

రైలు వెళ్ళిపోయింది. ఆయనేమీ నొచ్చుకోలేదు. టిక్కెట్టు రద్దుకి సంబంధించిన షరతులు అందుకున్నాడు.

వాళ్ళుండే భవనం లిఫ్టులో ‘ఆరుగురికి మించి ఎక్కరాదు’ అని ఉంటుంది. ఆయన దాన్ని అందరికీ వినిపించి, తలలు లెక్కపెట్టేవాడు. ఏడో మనిషి ఉంటే దిగాల్సిందే. ఎవరూ కదిలేవారు కాదు. చివరికి తనే దిగి, మెట్లెక్కి, తను ఒక్కడే ఉండే మేడమీద గదికి చేరేవాడు.

ఈ జబ్బు ఉద్యోగం వల్ల అంటుకున్నది. అచ్చాఫీసులో ఆయన ప్రూఫులు చదివేవాడు. ఒకరు పైకి చదువుతుంటే ఇంకొకరు కాగితం మీద పోల్చుకుని దిద్దాలి. చదివే గొంతు ఆయనది. ఉన్న అక్షరం వదలకూడదు, లేని అక్షరం చేర్చకూడదు. దిద్దే మిత్రుడు పోయాడు, తర్వాత ఆఫీసే మూతపడింది. గొంతు మాత్రం ఆగలేదు. పెళ్ళి సంగతి ఎవరైనా ఎత్తితే, “వీడు పెళ్ళి షరతులు చదువుతుండగానే వయసు దాటిపోయింది” అని పిచ్చుక వాళ్ళ నాన్న నవ్వేవాడు. బాబాయీ నవ్వేవాడు, కాస్త ఆలస్యంగా.

వినేవాళ్ళు దొరికేవారు కారు. అయిదో వాక్యానికల్లా అందరికీ పొయ్యిమీద పెట్టిన పాలు గుర్తొచ్చేవి. పొయ్యి వెలిగించనివాళ్ళకి కూడా.

పిచ్చుకకి పధ్నాలుగేళ్ళు. కొత్త బడిలో చేరి అప్పటికి మూడు నెలలు. ఆ బడిలో పిల్లలంతా ఎప్పటినుంచో గుంపులు కట్టేసుకున్నారు. ఈమె వచ్చేసరికి ఏ గుంపులోనూ చోటు మిగల్లేదు. మధ్యాహ్నం డబ్బాలో భోజనం గోడవైపు తిరిగి తినేది. సాయంత్రం ఇంటికొస్తే నాన్న బస్సు డిపోలో, అమ్మ ఆస్పత్రి ల్యాబులో. తాళం తీసి, లైటు వేసి, ఆ నిశ్శబ్దంలో ఫోను తెరిచేది.

అలా తెరిచినప్పుడే ఆ కబుర్ల యాప్ దొరికింది. ‘పెద్దలకు మాత్రమే’ అని ముఖాన రాసుంది. పుట్టిన సంవత్సరం అడిగింది. పిచ్చుక బొటనవేలితో అంకెల్ని కాస్త వెనక్కి తిప్పింది. అంతే, లోపలికి రమ్మంది. అక్కడ ఒకడు, “నాకు పందొమ్మిదేళ్ళు, నేనూ ఒంటరివాణ్ణే” అన్నాడు. రోజూ ‘తిన్నావా’ అని అడిగాడు. ముఖం చూపించమంటే యూనిఫాంలో ఉన్న ఫోటో పంపింది. తర్వాత వాడు పంపకూడని ఫోటోలు అడిగాడు. పంపనంది. వాడి మాట మారిపోయింది. “వయసు అబద్ధం చెప్పావు. అది నేరం. మీ బడికీ మీ నాన్నకీ చెబుతాను. చెప్పకూడదంటే అడిగినవి పంపు.”

అమ్మకి చెబితే కూలిపోతుంది. నాన్నకి చెబితే ఫోను గోడకేసి కొడతాడు, ఆ తర్వాత ఏమవుతుందో తెలీదు. ఆదివారం పొద్దున్న పిచ్చుక మెట్లెక్కి మేడమీదకి వెళ్ళింది.

“బాబాయ్, ఒక యాప్ షరతులు చదివిపెడతావా?”

ఆయన జీవితంలో ఆ మాట అడిగిన మొదటి మనిషి ఆమే. కుర్చీలో కుదురుగా కూర్చుని ఫోను అందుకున్నాడు. యాప్ పేరు చూశాడు. తెరమీద మెరిసిన ‘పంపకపోతే మీ నాన్నకి చెబుతాను’ అన్న సందేశమూ చూశాడు. కళ్ళజోడు తుడుస్తున్న చెయ్యి ఆగిపోయింది.

“వయసు అబద్ధం చెప్పినవాళ్ళని ఏం చేస్తారో చూడు. మా క్లాసమ్మాయి అడిగింది.”

“మీ క్లాసమ్మాయా? సరే. పొద్దున్నుంచి ఏమైనా తిందా ఆ అమ్మాయి?”

“లేదు.”

ఆయన బిస్కెట్ల డబ్బా ముందుకి తోశాడు. “ఆ అమ్మాయి తరఫున నువ్వు తిను.”

తర్వాత తెరని వేలితో పైకి జరుపుతూ, జరుపుతూ, ఒకచోట ఆపాడు. గొంతు సవరించుకున్నాడు.

“సెక్షను నలభై రెండు. ‘బాలబాలికలు ఒంటరితనము వలన గాని, తెలియనితనము వలన గాని వయసు తప్పుగా చెప్పినచో, వారిని నేరస్థులుగా చూడరాదు. దానిని అడ్డుపెట్టుకుని వారిని బెదిరించు పెద్దవారిదే సమస్త నేరము. సదరు బాలికపై ఎవ్వరూ కేకలు వేయరాదు.’”

“నిజంగా అలా ఉందా?”

“అచ్చులో ఉంది. మళ్ళీ చదవనా?”

“చదువు.”

మళ్ళీ చదివాడు. మూడోసారికి పిచ్చుక బిస్కెట్టు చేత్తో పట్టుకునే వెక్కివెక్కి ఏడ్చింది. ఆయన తెరమీద నుంచి కళ్ళు ఎత్తలేదు. ఏడుపు పూర్తయ్యేదాకా అదే పేరా, అదే గొంతుతో, తీరిగ్గా చదువుతూనే ఉన్నాడు.

“ఆ అమ్మాయి నేనే, బాబాయ్.”

“అలాగా!” అన్నాడు ఆయన, అప్పుడే తెలిసినట్టు. “వాడికి ఇక ఒక్క ముక్క కూడా జవాబు రాయొద్దు. వాడు రాసింది ఏదీ చెరపొద్దు. పద, కిందకి వెళ్దాం. మాట్లాడేది నేను.”

పిచ్చుక వాళ్ళ నాన్న విన్నాడు. ముఖం ఎర్రబడి, కుర్చీ వెనక్కి తన్ని లేచాడు. “ఎంత పని చేశావే...”

“సెక్షను నలభై రెండు, అన్నయ్యా!”

“ఏ సెక్షనురా?”

“కేకలు వేయరాదు. మొత్తం చదవమంటావా?”

పుట్టి బుద్ధెరిగాక తమ్ముడు ఏదైనా చదువుతానంటే పారిపోవడమే ఆ అన్నకి అలవాటు. ఈసారి కూర్చున్నాడు. కూర్చుని విన్నాడు. వింటూ వింటూ అరిచేతుల్లో ముఖం దాచుకున్నాడు. అమ్మ పిచ్చుక తల తన ఒళ్ళోకి లాక్కుంది.

మర్నాడు నలుగురూ కలిసి పోలీసులకి ఫిర్యాదు చేశారు. అక్కడ ఒక ఆవిడ పిచ్చుకని కూర్చోబెట్టి, మంచినీళ్ళిచ్చి, నెమ్మదిగా అడిగింది. కొన్నాళ్ళకి ఆవిడే ఫోను చేసింది. వాడు దొరికాడు. వాడి వయసు పందొమ్మిది కాదు, పిచ్చుక వాళ్ళ నాన్నకంటే పెద్ద. ఇంకా చాలామంది పిల్లల్ని ఇలాగే ఏడిపిస్తున్నాడు. పిచ్చుక ఫోటో బడిదాకా రాలేదు.

బాబాయి అంతటితో ఊరుకోలేదు. ఆ యాప్‌లో తనకి నూట నలభై ఏళ్ళని రాసి చూశాడు. ‘స్వాగతం! మీ ఈడువాళ్ళు మీకోసం ఎదురుచూస్తున్నారు’ అంది. వెంటనే కంపెనీకి రాశాడు: ‘అయ్యా, నా ఈడువాళ్ళెవరూ బతికిలేరు. నన్ను లోపలికి రానిచ్చిన కాపలావాడు పిల్లల్ని ఎలా ఆపుతాడు?’ జవాబు రాలేదు. ఆయన వారం వారం రాస్తూనే ఉన్నాడు.

భయం తగ్గాక, ఒక సాయంత్రం పిచ్చుక తనే కూర్చుని ఆ షరతులన్నీ చదివింది. చదివి, చరచరా మేడమీదకి వెళ్ళింది.

“బాబాయ్, అందులో ఇరవై తొమ్మిది సెక్షన్లే ఉన్నాయి.”

లేని కామా ఒక్కటి చేర్చి ఎరుగని మనిషి. ఆయన చెవులు ఎర్రబడ్డాయి. “సరిగ్గా చూశావా?”

“రెండుసార్లు చూశాను.”

“ఉండాల్సిందేనమ్మా అది. కంపోజు చేసినవాళ్ళు వదిలేసి ఉంటారు. పెద్ద అచ్చుతప్పు.”

పిచ్చుక నవ్వు ఆపుకుంటూ గుమ్మానికి ఆనుకుంది. “మరి నలభై మూడో సెక్షనులో ఏముందో?”

ఆయన చేతిలో ఫోనూ లేదు, కాగితమూ లేదు. అయినా గొంతు సవరించుకున్నాడు.

“‘సదరు బాలిక బడినుండి వచ్చుసరికి ఇల్లు ఖాళీగా ఉన్నయెడల, వెంటనే పైకి వచ్చి బాబాయికి విసుగు పుట్టించవలెను.’”

“బాబాయికి విసుగు పుట్టకపోతే?”

“దానికి వేరే సెక్షనుంది. పెద్దది. ముందు కూర్చో.”