తేనెటీగల బండికి నాలుగు టైర్లు

మా అత్తకు చెవులు మహా చురుకు. వంటింట్లో గిన్నెలు కడుగుతూనే, పెరట్లో వరసగా ఉన్న తేనెపెట్టెల్లో దేనిలో ఈగలు చిరాకుగా ఉన్నాయో చెప్పేసేది. మావయ్య వెళ్లి చూస్తే నిజంగానే ఆ పెట్టెలోకి చీమలు దూరి ఉండేవి, లేదంటే రాణి ఈగ చచ్చిపోయి ఉండేది. "దీనికెలా తెలుస్తుందో నాకర్థం కాదు" అని మావయ్య అందరితోనూ అనేవాడు, ఆమెతో తప్ప.

తేనెటీగల పని ఆమె పుట్టింట్లో ఎవరికీ లేదు. పెళ్లయిన కొత్తలో ఈగలు కుట్టి ఆమె ముఖం గుర్తుపట్టలేనంతగా వాచిపోయిందట. మర్నాడు కళ్లు సగమే తెరుచుకుంటున్నా వల ముసుగు వేసుకుని మళ్లీ పెట్టెల దగ్గరికి వెళ్లిందట. "అవి నన్ను కొత్తమనిషి అనుకున్నాయి. అలవాటు పడాల్సింది నేనే కదా" అంది, నేను అడిగినప్పుడు.

ఏటా కొండమీద పండ్లతోటలు పూతకొచ్చే వేళకి మావయ్య ఆ పెట్టెలన్నీ పికప్ బండికెత్తి పైకి తీసుకెళ్లేవాడు. పూలమీద ఈగలు వాలితేనే కాయ నిలుస్తుంది కాబట్టి తోటలవాళ్లు ఆయన కోసం ఎదురుచూసేవారు. బండి తోలడం మావయ్య వంతు, పెట్టెలు కట్టడం అత్త వంతు. ఇది జరిగిన ఏడు నేను ఒక ఉద్యోగం మానేసి, ఇంకోటి దొరికేదాకా వాళ్లింట్లో ఉన్నాను. అందుకే ఇదంతా కళ్లారా చూశాను.

ఆ ఏడు పూత దగ్గర పడుతుండగా మావయ్య నిచ్చెనమీంచి జారి భుజం విరగ్గొట్టుకున్నాడు. కట్టు కట్టి, చెయ్యి కదపడానికి వీల్లేదన్నారు. ఎవరినైనా డ్రైవర్ని పిలుద్దామంటే, వెనక తొట్టిలో ఏముంటుందో తెలియగానే ప్రతివాడికీ ఎక్కడలేని పనులూ గుర్తొచ్చేవి.

"నేను తోలతాను" అంది అత్త.

"షెడ్డులోంచి గేటు దాకా తోలడం వేరు, కొండ ఎక్కడం వేరు" అన్నాడు మావయ్య.

"గేటు దాటాక రోడ్డు అదే వస్తుంది కదండీ."

మా నాన్న ఆమెకి అన్నయ్య వరస. ఎప్పుడో సరదాకి ఆమెకి బండి నేర్పింది ఆయనే. ఆ వారమంతా ఆమె ఉదయం పూట ఖాళీ బండితో ఊరి చుట్టూ తిరిగింది. తర్వాత సగం పెట్టెలు ఎక్కించి, ఈగలు బయటికి రాకుండా వాటి గుమ్మాలకి వల బిగించి, మావయ్యని పక్కన కూర్చోబెట్టుకుని, నన్ను మధ్యలో ఇరికించి బయల్దేరింది.

తిన్నటి రోడ్డుమీద కాస్త వేగం అందుకోగానే బండి వణకడం మొదలైంది. స్టీరింగు ఆమె చేతుల్లో చలిజ్వరం వచ్చినదానిలా కొట్టుకుంది. నా కింద సీటు కూడా సన్నగా అదురుతోంది.

"స్టీరింగుని అలా పిసక్కు, మెత్తగా పట్టుకో" అన్నాడు మావయ్య.

ఆమె మెత్తగా పట్టుకుంది. వణుకు పోలేదు. పైకి చేరి పెట్టెలు దించి మూతలు తీశాక, ఆమె ఒక పెట్టె ముందు అలాగే చతికిలబడిపోయింది. కొత్తగా కట్టిన మైనపు పట్లు చట్రాల్లోంచి విరిగి ఒకదానిమీద ఒకటి కూలిపోయాయి. వాటి మధ్య కారిన తేనెలో వేలకొద్దీ ఈగలు మునిగిపోయి ఉన్నాయి. అలాంటి పెట్టెలు ఇంకా కొన్ని తేలాయి. ఒకదాంట్లో రాణి ఈగ నలిగిపోయింది. తేనె అంటిన ఆ ప్రాణాన్ని ఆమె వేలికొసతో తీసి అరచేతిలో పెట్టుకుంది.

"నీ తప్పు కాదులే" అన్నాడు మావయ్య.

"మరెవరిది?"

"నేను తోలినప్పుడూ వణికేది. ఇంకాస్త వేగం పెంచితే వణుకు ఆగిపోయేది. ఏటా కొన్ని పెట్టెలు పోతూనే ఉంటాయి. ఈ పనిలో అది మామూలే అనుకున్నాను."

అత్త తలెత్తి ఆయన్ని చూసింది. కోపంగా కాదు. ఇన్నేళ్లుగా మామూలే అనుకున్న నష్టానికి ఒక కారణం ఉండి ఉండొచ్చన్న ఆలోచన ఆమెకి అప్పుడే తట్టినట్టుంది. ఇంటికి తిరిగొచ్చే దారిలో వణుకు ఎక్కడ మొదలవుతోందో, ఎక్కడ తగ్గుతోందో చెవొగ్గి వింటూ తోలింది.

మర్నాడు అత్తా నేనూ టైర్ల షాపుకి వెళ్లాం. ఆ షాపాయన్ని అందరూ గాలిబాబు అంటారు. రోడ్డు పక్కన చేతిపంపుతో సైకిళ్లకి గాలి కొట్టడంతో మొదలుపెట్టి ఇప్పుడు పెద్ద రేకుల షెడ్డు వేసుకున్నాడు. లోపల టైర్లు కప్పు అంటేలా పేర్చి ఉన్నాయి. రబ్బరు వాసన గొంతులోకి దిగుతోంది. ఆయన బండి చుట్టూ ఒకసారి తిరిగి, ఒక టైరు పక్కగోడని బొటనవేలితో నొక్కి నవ్వాడు.

"అక్కా, ఇవి కారుకి వేసే మెత్తటి టైర్లు. బరువు మొయ్యలేవు. చంటిపిల్లాడి నెత్తిన గోనెబస్తా పెట్టినట్టుంది మీ పని. పైగా నాలుగూ నాలుగు ఇళ్లలోంచి వచ్చినట్టున్నాయి."

ఆయన లోపలికి వెళ్లి, లోతైన గాళ్లు, పెద్ద పెద్ద రబ్బరు దిమ్మెలూ ఉన్న ఒక టైరుని దొర్లించుకుంటూ వచ్చాడు. నిజంగానే చూడ్డానికి ఠీవిగా ఉంది.

"కొండదారికి ఇదే రాజు. బురదలో కూడా ఆగదు."

"మంచి రోడ్డు మీద చప్పుడు చేస్తుందా?"

"చేస్తుందక్కా. దర్జాగా చేస్తుంది."

"నా బండిలో వచ్చేవాళ్లకి దర్జా అక్కర్లేదు. కుదురు కావాలి."

"ఎవరు, పిల్లలా?"

"పిల్లలే. లక్షల్లో ఉంటారు" అంది అత్త. గాలిబాబుకి తొట్టిలో అంటుకున్న మైనం మరకలు అప్పుడు కనిపించాయి. బండికి రెండడుగులు దూరం జరిగాడు.

చివరికి ఆమె ఎంచుకున్నవి చూపుకి సాదాగా ఉన్నాయి. పక్కగోడలు గట్టివి, నిండు బరువుకి చదునైపోవు. గాళ్లు మరీ లోతు కాదు, మరీ నున్నగానూ లేవు. టైరు ఎంత బరువు మోస్తుందో, ఏ ఏడు ఏ వారంలో తయారైందో పక్కగోడ మీదే అచ్చు వేసి ఉంటుందని గాలిబాబు చూపించాడు. ఆ సంగతి తెలిశాక ఆమె ఊరుకుంటుందా? నాలుగింటినీ వెలుతురులోకి తెప్పించి, వంగి చదివింది. ఒకటి మిగతావాటికంటే బాగా పాతది.

"ఇది వద్దు. వీటి జతలోదే ఇవ్వండి."

"అల్లుణ్ని తెచ్చుకునేటప్పుడు కూడా ఇంత వాకబు చెయ్యరక్కా" అంటూ ఆయన నిచ్చెనెక్కాడు.

టైర్లు బిగించాక, చక్రాల తూకం సరిచేసే మిషను మీద వేరే బండి పని నడుస్తోందనీ, కొత్త టైర్లే కదా ముందొక చుట్టు తిరిగి రమ్మనీ అన్నాడు. అత్త ఇంటినుంచి వస్తూ ఒక ఖాళీ తేనెపెట్టె తెచ్చుకుంది. ఈగలు లేవు గానీ, లోపల చట్రాలకి కొత్త మైనపు పట్లు ఉన్నాయి. ఎందుకో నాకు అప్పటిదాకా తెలియదు. దాన్ని తొట్టిలో కట్టి, తిన్నటి రోడ్డుమీద వెళ్లి వచ్చింది. బండి మునుపటికంటే ఎంతో నయం. కానీ ఆ పాత వేగం దగ్గరికి రాగానే స్టీరింగు మళ్లీ సన్నగా గొణిగింది.

షాపు ముందు ఆపి, ఒక చట్రాన్ని తీసి ఎండకి ఎత్తి పట్టుకుంది. పల్చటి మైనం లోంచి వెలుగు తేనెరంగులో దిగింది. ఆ వెలుగులో వెంట్రుకంత బీట ఒకటి ఈ మూలనుంచి ఆ మూలకి పాకి ఉంది. ఆమె దాన్ని గాలిబాబు కళ్ల ముందు పెట్టింది. ఆయన నవ్వు ఆగింది. మిషను మీదున్న చక్రాన్ని దింపేసి, మా చక్రం ఎక్కించాడు.

ఆ తర్వాత చూసింది నేను ఎన్నటికీ మర్చిపోలేను. నేనొక్కదాన్నే ఎత్తలేనంత బరువున్న చక్రం గిర్రున తిరిగింది. ఎంత వేగమంటే గాళ్లు కలిసిపోయి నల్లటి అద్దంలా అయిపోయాయి. మిషను ఇనుప కాళ్లు నేలమీద టకటకలాడాయి. చక్రం ఆగాక గాలిబాబు ఒక సీసం ముక్క తీశాడు. చిటికెనవేలి గోరంత ఉందేమో. దాన్ని రిమ్ము అంచుకి తగిలించి, సుత్తితో చిన్నగా కొట్టి, మళ్లీ తిప్పాడు.

చప్పుడు లేదు. చక్రం తిరుగుతోందని చూస్తే గానీ తెలియదు. మిషను కాళ్లు నేలకి అతుక్కుపోయినట్టు నిలబడ్డాయి. అత్త నెమ్మదిగా ముందుకొచ్చి మిషను మీద అరచెయ్యి ఆనించింది. పూజగదిలో కూడా ఆమె ముఖంలో అంత నిశ్శబ్దం నేను చూడలేదు.

"ఇంత చక్రం అదురుని ఆ గోరంత ముక్క ఆపిందా?"

"ఆగి ఉన్నప్పుడు ఆ కాస్త బరువు తేడా లెక్కలోకి రాదక్కా. తిరిగేకొద్దీ అదే పెద్దదై లాగుతుంది. ఇంట్లో ఒక్కరు మూతి ముడుచుకు కూర్చుంటే మిగతావాళ్లకి అన్నం సయించదు చూడండి, అలాగ."

స్టీరింగు వణికితే ముందు చక్రాల తేడా అనీ, సీటు అదిరితే వెనకవాటిదనీ కూడా ఆయనే చెప్పాడు. ముందువి రెండూ తొందరగానే కుదిరాయి. వెనకవాటిలో ఒకటి మాత్రం మొండికేసింది. ఒక ముక్క వేశాడు, తీశాడు, ఇంకోచోట వేశాడు. మిషను సరే అంటోంది గానీ, తిరిగే చక్రం వైపు చూస్తే అత్తకి మనసొప్పలేదు. పక్కకి వెళ్లి, కిందకి వంగి, కన్నుని రిమ్ము అంచు ఎత్తుకి తెచ్చింది.

"మెల్లగా తిప్పండి. అదిగో, కుంటుతోంది."

నేనూ వంగి చూశాను. రిమ్ము అంచు ఒకచోట పైకి లేచి దిగుతోంది, కాలు బెణికిన మనిషి నడకలా. ఎప్పుడో ఏ గోతిలోనో పడి వంగిపోయి ఉంటుంది. రిమ్మే వంకర అయితే ఎన్ని ముక్కలు వేసినా చక్రం ఎగరడం ఆగదని గాలిబాబు ఒప్పుకుని, మా అదనపు చక్రం రిమ్ము విప్పి దానికి ఈ టైరు ఎక్కించాడు. అది తిరిగింది. చప్పుడు లేకుండా, నిండుగా తిరిగింది. "ఇక్కడ ఇన్నేళ్లనుంచీ తిప్పుతున్నా, పక్కన నిలబడి చూడ్డం మీతోనే నేర్చుకున్నానక్కా" అన్నాడు. పొగడ్తో ఎగతాళో ఆమెకి పట్టలేదు. ఆమె ఇంకా చక్రాన్నే చూస్తోంది.

మిగిలిన పెట్టెలతో తెల్లవారుతుండగా ముగ్గురం బయల్దేరాం. అత్త టైర్లకి బరువుకి తగ్గట్టు గాలి కొట్టించింది. పెట్టెల మధ్య గోనెపట్టాలు దోపింది. తిన్నటి రోడ్డు వచ్చింది. వేగం పెరిగింది. ఆ పాత వేగం దగ్గరికొచ్చింది, దాటింది. ఏమీ జరగలేదు. స్టీరింగు మీద ఆమె వేళ్లు వదులయ్యాయి. వెనకనుంచి ఈగల ఝుంకారం ఒకే శ్రుతిలో వినిపిస్తోంది, పెరట్లో ఉన్నప్పటిలాగే.

కొండ ఎక్కడం మొదలయ్యాక మావయ్య సలహాలు ఆగిపోయాయి. ఏమైందా అని చూస్తే, కట్టు కట్టిన చెయ్యి ఒళ్లో పెట్టుకుని, తల కిటికీకి ఆనించి గురకపెడుతున్నాడు. వేరేవాళ్లు తోలే బండిలో ఆయన కునుకు తీయడం నేనెప్పుడూ చూడలేదు. అత్త ఆయన్ని ఓరగా చూసి, తర్వాతి మలుపు ఇంకా మెల్లగా తిప్పింది.

తోటలో దిగి మూతలు తీశాం. ఒక్క పట్టు కూడా విరగలేదు. ఆమె ప్రతి పెట్టెనీ తెరిచి చూసింది, చూసినదాన్ని మళ్లీ చూసింది. తర్వాత గుమ్మాలకున్న వలలు ఒక్కొక్కటీ విప్పింది.

ఈగలు బయటికొచ్చాయి. వెంటనే పూలమీదికి పోలేదు. ప్రతి ఈగా గాలిలో వెనక్కి తిరిగి, తన పెట్టె వైపే ముఖం పెట్టి, ఇటూ అటూ ఊగుతూ దూరం జరిగింది. చిన్న విల్లులా ఒకసారి, ఇంకాస్త పెద్ద విల్లులా ఇంకోసారి. కొత్తచోట తమ ఇల్లు ఎక్కడుందో అవి చూసుకుంటున్నాయని అత్త గుసగుసగా చెప్పింది. వేలకు వేలు ఈగలు ఒక్కసారి అలా వెనక్కి తిరిగి చూస్తుంటే, గాలి మొత్తం బంగారు రంగులో ఊగుతున్నట్టుంది. వాటి వెనక కొండవాలు పొడుగునా తెల్లటి పూత.

మావయ్య నిద్రకళ్లతో దిగొచ్చి మా పక్కన నిలబడ్డాడు. ఇన్నేళ్లూ తను దించీ దించగానే విరిగిన పట్లు ఏరడంలో మునిగిపోయేవాడిననీ, ఇది నిలబడి చూడ్డం ఇదే మొదటిసారనీ అన్నాడు. అత్త ముసుగు పైకెత్తి చూస్తోంది.

కాసేపటికి మొదటి ఈగ తిరిగొచ్చింది. వెనక కాళ్లకి లేత పసుపు పుప్పొడి ముద్దలు అంటుకుని ఉన్నాయి. బరువుకి కొంచెం కిందికి వాలుతూ, అన్నీ ఒకేలా ఉన్న పెట్టెల మధ్యనుంచి వచ్చి, తన గుమ్మం మీద దిగి, లోపలికి నడిచిపోయింది.