చీటీలో వచ్చిన కోడలు

సర్వేలో ఇంటికి ఒక్క స్త్రీనే అడగాలి. ఆమె ఎవరో మేమూ ఎంచకూడదు, ఇంటివాళ్లూ ఎంచకూడదు; చీటీ తీయాలి. ముందుకొచ్చి మాట్లాడేవాళ్లనే అడుగుతూ పోతే, నోరు లేనివాళ్ల బతుకు లెక్కలోకే రాదు. ఈ విషయంలో నేను ఎవరికీ వెసులుబాటు ఇవ్వను. రిటైరయ్యాక కూడా నన్ను పిలుస్తున్నది అందుకే.

మొన్నటి ఎండాకాలం, ఇల్లందు దగ్గర గని కార్మికుల వీధి. బయటికి ఆడవాళ్ల ఆరోగ్యం సర్వే అని చెప్పాం. లోపల అడిగేది ఇంట్లో తినే దెబ్బల గురించి. ఆ ఇంట్లో అత్త, కోడలు ఇద్దరే ఆడవాళ్లు. అత్త చాప పరిచి, "నన్నడుగమ్మా, దానికేం తెల్వది" అంది. నేను ఒప్పుకోలేదు. స్టీలు గ్లాసులో రెండు చీటీలు వేసి ఆమెతోనే తీయించాను. కోడలి పేరు వచ్చింది.

అప్పుడే రాత్రి డ్యూటీ దిగిన కొడుకు వాకిట్లో బండి ఆపాడు. మేం అడిగేదేమిటో వెనక వీధిలో ఎవరో అతని చెవిన వేశారు.

"ఇద్దరున్నరు గదా, దీన్నే ఎందుకు అడుగుతున్రు? ఎవలు చెప్పిన్రు మీకు?"

"చీటీలో వచ్చింది నాయనా. మీ అమ్మే తీసింది."

"చీటీకి నా పెండ్లాం ఎట్ల ఎరుక?"

చేతిలోని హెల్మెట్‌తో భార్య చెవి మీద కొట్టాడు. తల గోడకు తగిలింది. రెండో దెబ్బ నోటి మీద; నెత్తుటితో పాటు పన్ను చాప మీద పడింది. అడ్డం వెళితే మూడోది నా మణికట్టుకు తగిలింది.

"అరేయ్, బయటోళ్ల ముందర వద్దురా!" అని అరిచింది అత్త. వద్దన్నది కొట్టడాన్ని కాదు.

పక్కింటాయన వెనక నుంచి వాటేసి పట్టాడు. "దిమాక్ ఖరాబైందా? చస్తదిరా!"

"చావనీ!"

ఆటోలో దవాఖానాకు తీసుకెళ్లాం, అత్తా ఎక్కింది. సంగతి తెలిసి దారిలోనే మా సూపర్‌వైజర్ ఫోన్ చేశాడు. "ఆ ఇల్లు వదిలేసి పక్కిల్లు తీసుకోండి మేడం."

ఇలాంటి ఇళ్లన్నీ వదిలి పక్కిళ్లు రాసుకుంటూ పోతే, ఈ జిల్లాలో ఎవరూ ఎవరినీ కొట్టడం లేదని తేలుతుంది. ఆ మాటే అతనితో అన్నాను. అలాగని ఆ స్థితిలో ఆమెను అడగడానికి నాకు నోరు రాలేదు.

డాక్టర్ ఎలా తగిలిందని అడిగితే, "మెట్ల మీద జారిపడ్డది" అని అత్తే చెప్పింది. ఆయన అదే రాసుకున్నాడు. కుట్లు పడ్డాక నర్సు అత్తను మందులకు పంపి తలుపు వేసింది.

"పెద్దమ్మా, నీ ప్రశ్నలేందో అడుగు" అంది కోడలు.

"ఇప్పుడొద్దు బిడ్డా."

"మల్ల నా చీటీ ఎప్పుడొస్తది?"

అడిగాను. ఈ ఏడాదిలో ఎన్నిసార్లు కొట్టాడు అనే దగ్గర ఆగింది.

"గియ్యాల్టిది గూడ లెక్క పట్టాల్నా?"

మేం ఆ గడప తొక్కకపోతే ఆ దెబ్బ ఆ రోజు పడేది కాదు. కొలవడానికి వెళ్లి కొలతనే పెంచి వచ్చాం.

"అది మా వల్ల పడ్డది" అన్నాను.

కుట్లు లాగుతున్నా నవ్వింది. "మీ వల్లనా? హెల్మెట్ నీ చేతుల ఉండెనా?"

లెక్క పట్టాను. మా రాకే కారణమని పక్కన రాశాను. మిగిలినవన్నీ చెప్పి, నర్సు వైపు తిరిగింది.

"అక్కా, సారును మల్ల పిలువు. మెట్లు కాదు, నా మొగడు కొట్టిండు. గట్లనే రాయమను. పోలీసులకు గూడ చెప్పమను."

బయట అత్త తలుపు బాదుతోంది. డాక్టర్ వచ్చి రాసేదాకా నర్సు గడియ తీయలేదు.