పాస్‌పోర్టులో లేని మా అత్త

మా మేనత్త పోయిందన్న కబురు కెనడా నుంచి వస్తే, మా నాన్న "రాంగ్ నంబరండి" అని ఫోన్ పెట్టేశారు.

పొద్దున్నే కాఫీ తాగుతున్న వేళ అది. అవతల ఒకావిడ ఇంగ్లీషులో ఒక పేరు చెప్పి, మీరు ఆవిడ బంధువులేనా అని అడిగింది. ఆ పేరు చివర మాది కాని ఇంటిపేరు ఉంది. మొదట ఉన్న అసలు పేరేమో ఆవిడ నోట్లో పడి పోల్చుకోలేనంతగా నలిగిపోయింది. ఆ పేరుగలవాళ్ళు మా ఇంట్లో లేరని నాన్న మర్యాదగానే చెప్పారు. కాసేపటికి మళ్ళీ మోగింది. ఈసారి ఆవిడ పేరు జోలికి పోకుండా భీమవరం, రొయ్యలు, ల్యాబ్ అని విడివిడిగా మాటలు చెప్పింది. నాన్న గ్లాసు కింద పెట్టి, చేత్తో తడుముకుంటూ కుర్చీలో కూర్చున్నారు. ఫోన్ నేను అందుకున్నాను.

ఆవిడది ఫిలిప్పీన్స్. ఒక పెద్ద సూపర్‌మార్కెట్లో చేపల కౌంటర్ దగ్గర అత్తతో కలిసి పనిచేసేదట. అత్త డ్యూటీలో ఉండగానే పడిపోయిందని, గుండె ఆగిందని, ఆసుపత్రికి తీసుకెళ్ళేసరికే అయిపోయిందని చెప్పి ఏడ్చింది. ఆసుపత్రివాళ్ళు తమ దగ్గరున్న పాత వివరాలు చూసి, ముందు అత్త మాజీ భర్తకి ఫోన్ చేశారట. ఆవిడకీ తనకీ ఏ సంబంధమూ లేదని అతను పెట్టేశాడు. ఆ తర్వాతే ఈవిడ అత్త ఫోన్లో నంబరు వెతికి మాకు చేసింది. అలా ఆ పూట మా అత్తని ఇద్దరు కాదన్నారు. తెలిసి ఒకరు, తెలియక ఒకరు.

నేనెప్పుడూ ఆవిడని అత్త అనే పిలిచాను. ఇక్కడా అలాగే రాస్తాను. ఏ ఆఫీసువాళ్ళూ దిద్దుకురమ్మని వెనక్కి పంపని పిలుపు అదొక్కటే మిగిలింది.

నాకు ఊహ తెలిసేసరికే అత్త భీమవరంలో రొయ్యల చెరువుల ల్యాబ్‌లో పనిచేస్తుండేది. మైక్రోబయాలజీ చదువుకుంది. పొద్దున్నే ల్యాబ్ ముందు మోటారుసైకిళ్ళు బారులు తీరేవి. రైతులు సీసాల్లో చెరువు నీళ్ళు, ప్లాస్టిక్ కవర్లలో బతికున్న రొయ్యలు పట్టుకుని నిలబడేవారు. అత్త సీసా మూత తీసి ముందు వాసన చూసేది, తర్వాత వెలుతురుకి ఎత్తి చూసేది, ఆ తర్వాతే మిషన్ దగ్గరికి పోయేది. జుట్టు ముడిలో ఎప్పుడూ ఒక పెన్సిల్ ఉండేది. అది అక్కడుందని మరిచిపోయి టేబుల్ అంతా వెతుక్కునేది.

వేసవి సెలవుల్లో నన్ను ల్యాబ్‌కి తీసుకెళ్ళి మైక్రోస్కోపు ముందు కూర్చోబెట్టేది. ఒకసారి రొయ్య మొప్ప ముక్క చూపించింది. దాని మీద కాడలకి పూసిన గంటపూల లాంటివి గుత్తులు గుత్తులుగా ఊగుతున్నాయి. ఎంత బాగున్నాయత్తా అన్నాను.

"బాగానే ఉంటాయి. రొయ్యకి ఊపిరాడకుండా చేసేవి అవే" అంది.

ఆ ల్యాబ్‌లో అత్త సంతకానికి విలువుండేది. ఒక పెద్ద రైతు చెరువు పట్టుబడికి, రొయ్యలు పట్టి అమ్మడానికి, సిద్ధంగా ఉంది. మందుల అవశేషాలు ఉన్నాయని రిపోర్టు వస్తే ఎగుమతి కంపెనీవాళ్ళు సరుకు తీసుకోరు. అవశేషాలు ఉన్నాయి. ఆయన కారులో వచ్చి, కూర్చుని, ఆ ఒక్క లైనూ లేకుండా రిపోర్టు ఇమ్మని బతిమాలారు. అత్త టీ తెప్పించి ఇచ్చింది. "చెరువు మీది, సరుకు మీది. కింద సంతకం మాత్రం నాదండి. అది నేను పాడు చేసుకోలేను" అంది. ఆయన విసుక్కుంటూ వెళ్ళిపోయారు. తర్వాతి పంటకి ఆయనే తన మనిషి చేత సీసాలు పంపించి, మేడమ్ గారి సంతకంతోనే రిపోర్టు తెమ్మని చెప్పారట. అత్త ఆ సంగతి మా ఇంట్లో చాలాసార్లు చెప్పుకుంది. మేమెవరమూ విసుక్కోలేదు.

అత్తకి ముప్పై దాటాక ఆ సంబంధం వచ్చింది. అబ్బాయి కెనడాలో స్థిరపడ్డాడు. మొదటి పెళ్ళి విడాకులయింది, పిల్లల్లేరు. మనిషి నెమ్మదిగా మాట్లాడతాడు. ఏ తప్పూ కనబడలేదు. పాలకొల్లులో పెళ్ళి చేశాం. అతను వెళ్ళాక అక్కణ్ణించి ఫోన్ చేసి, పాస్‌పోర్టులో ఇంటిపేరు మార్పించుకోమన్నాడు. భార్యాభర్తలకి ఒకే ఇంటిపేరుంటే ఆ దేశంలో కాగితాలు తొందరగా కదులుతాయన్నాడు. అప్పటికే అత్తకి మా ఇంటిపేరుతో పాస్‌పోర్టు ఉంది, ఉద్యోగంలో ఒక ట్రైనింగ్ కోసం తీసుకున్నది.

పాస్‌పోర్టు ఆఫీసుకి నాన్నా నేనూ కూడా వెళ్ళాం. కౌంటర్లో ఉన్నావిడ మంచిది. పెళ్ళయిందని పేరు మార్చుకోవాలన్న రూలేం లేదండి, మీ ఇష్టం అందట. అత్త బయటికొచ్చి మా ముందు నిలబడింది.

"ఏం చెయ్యమంటావు అన్నయ్యా?"

"పేరే కదమ్మా. మార్చేసెయ్యి. రేపొద్దున్న అంత దూరంలో ఏదైనా తేడా వస్తే మనం వెళ్ళి చూడగలమా?"

నాన్న ప్రేమతోనే అన్నారు. అత్త కాగితాలు సర్దుకుని లోపలికి వెళ్ళిపోయింది. కొత్త పాస్‌పోర్టు వచ్చిన రోజు అందులో తన పేరు ఒకటికి రెండుసార్లు పైకి చదువుకుంది. "ఎవరినో పిలుస్తున్నట్టుందే" అని నవ్వింది. మేమూ నవ్వాం.

అక్కడికి వెళ్ళాక ఉద్యోగం కోసం డిగ్రీలు పంపింది. డిగ్రీలన్నీ మా ఇంటిపేరుతో ఉన్నాయి, మనిషి ఇంకో ఇంటిపేరుతో ఉంది. ఇద్దరూ ఒకరేనని ఋజువు చెయ్యమన్నారు. ఇక్కడ తిరగడం నా వంతయింది. నోటరీ దగ్గర అఫిడవిట్ చేయించి పంపాను. అది చాలదు, యూనివర్సిటీయే రాసివ్వాలన్నారు. యూనివర్సిటీలో, పెళ్ళయిన ప్రతివాళ్ళకీ సర్టిఫికెట్లు మార్చడం కుదరదమ్మా అన్నారు. ల్యాబ్‌లో చేసిన అనుభవానికి ఉత్తరం ఇవ్వాల్సిన యజమాని ల్యాబ్ అమ్మేసి వెళ్ళిపోయాడు. కొన్నాళ్ళు పోయాక అత్తే ఇక వదిలెయ్యమంది. "నేనూ నేనూ ఒకటేనని పరాయివాళ్ళ చేత ముద్ర వేయించుకోవాలా?" అన్నది ఆవిడ మాట. ఆ తర్వాత చేపల కౌంటర్లో చేరింది.

అక్కడి నుంచి ఒకసారి నాకు ఫొటో పెట్టింది. గడ్డకట్టిన రొయ్యల పాకెట్టు, వెనకవైపు మన జిల్లా పేరు. దాని కింద, "వీటి అమ్మమ్మలకి నేను వైద్యం చేశాను" అని రాసింది. నేను నవ్వే బొమ్మ పెట్టి ఊరుకున్నాను.

అతను కొట్టేవాడు కాదు, తిట్టేవాడు కాదు. అత్త పాస్‌పోర్టు తన బీరువాలో పెట్టి తాళం వేసుకునేవాడు. నీకెందుకు, ఎక్కడికి వెళ్తావు అనేవాడు. అత్తకి అక్కడ ఎవరూ లేరు. పోస్టులో ఆ ఇంటిపేరుతో, శ్రీమతి అని, ఉత్తరాలు వచ్చేవి. తనకే అనుకుని విప్పితే అవి మొదటి భార్యకి వచ్చినవి. ఆవిడ వెళ్ళిపోయి ఎన్నేళ్ళయినా వస్తూనే ఉండేవి. నాకు పెళ్ళి కుదిరాక, పాస్‌పోర్టు సంగతి మాట్లాడుతూ అత్త ఫోన్లో అంది:

"నాకిచ్చిన పేరు ఇంకొకావిడ కట్టి విడిచిన చీరే. కొత్తదనుకుని కట్టుకున్నాను. మీ ఆయన ఎంత మంచివాడైనా కానీ, నీ పేరు నీ దగ్గరే ఉంచుకో."

నేను ఉంచుకున్నాను. మా అత్తవారింట్లో కొన్నాళ్ళు ముఖాలు ముడుచుకున్నారు, తర్వాత మరిచిపోయారు. నా పాస్‌పోర్టు ఎక్కడ చూపించినా ఎవరూ ఏమీ అడగలేదు. అత్త మాట ఎంత అవసరమైనదో అలా ఏమీ జరగకపోవడం వల్లే నాకు తెలిసింది.

ఒకరోజు ఏదో చిన్న మాట మీద, "నా పేరు మీద వచ్చావు ఈ దేశానికి" అన్నాడట అత్త భర్త. అత్త మర్నాడే పాస్‌పోర్టు అడిగి తీసుకుని ఇల్లు వదిలేసింది. ఒక ఇంట్లో నేలమాళిగ గది అద్దెకు తీసుకుంది. కిటికీలోంచి దారిన పోయేవాళ్ళ కాళ్ళు మాత్రం కనబడతాయని చెప్పేది. విడాకులు తొందరగానే వచ్చాయి. మా ఇంటిపేరు మాత్రం తిరిగి రాలేదు. పాస్‌పోర్టు మార్చాలంటే ముందు అక్కడి కార్డుల్లో పుట్టింటి పేరుండాలన్నారు. అక్కడి కార్డులవాళ్ళు ముందు పాస్‌పోర్టు మార్పించుకు రమ్మన్నారు. సంతకం పాత పాస్‌పోర్టులో ఉన్నట్టు లేదని ఒకసారి దరఖాస్తు తిరిగొచ్చింది. భీమవరంలో ఎవరి సంతకం కోసం రైతులు కాచుకుని ఉండేవారో, ఆవిడ సంతకమే కుదరలేదన్నారు. ఒక్కో ఆఫీసుకి సెలవు పెట్టుకుని, బస్సులు మారి వెళ్ళేది. చివరికి ఎవరో దయగల ఉద్యోగి కాగితాలన్నీ వరసలో పెట్టించి తీసుకున్నారు. ఉన్న పాస్‌పోర్టు అప్పగించి, కొత్తది వచ్చేదాకా ఆగమన్నారు. ఆ సాయంత్రం అత్త గొంతులో చాలా ఏళ్ళ తర్వాత ల్యాబ్ రోజుల నవ్వు విన్నాను.

ఆగుతుండగానే మా నాయనమ్మ పోయింది.

పాస్‌పోర్టు లేకుండా విమానం ఎక్కలేదు. పాతది తిరిగి కావాలంటే పేరు మార్పు దరఖాస్తు వెనక్కి తీసుకోవాలి, మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టుకోవాలి అన్నారు. రాకపోయినా ఎవరూ ఏమీ అనుకోరని నాన్న నచ్చచెప్పబోయారు. అత్త వినలేదు. దరఖాస్తు వెనక్కి తీసుకుని, ఆ మనిషి ఇంటిపేరున్న పాస్‌పోర్టే చేత్తో పట్టుకుని వచ్చింది. అంత్యక్రియలు అందలేదు. పదోరోజుకి అందింది.

ఇంటినిండా చుట్టాలున్నారు. అత్త తల్లి ఫొటో ముందు కూర్చుని ఉంటే, వరసకు పెద్దమ్మ అయ్యే ఒకావిడ, నువ్వు స్నానం చేసి వంటింట్లోకి రావచ్చమ్మా, పెళ్ళయిన కూతురికి మూడు రోజులేగా మైల అంది. మంచిగానే అంది.

"ఆ పెళ్ళి ఇప్పుడు లేదుగా పెద్దమ్మా. మరి నాకు మైల ఎన్ని రోజులు?"

ఆ ప్రశ్నకి జవాబు తెలిసినవాళ్ళు అంతమందిలో ఒక్కరూ లేరు. అత్త వంటింట్లోకి రాలేదు. పన్నెండోరోజు దాకా నాన్నావాళ్ళతో పాటే మైల పట్టి, గోడ వారగా చాప మీద పడుకుంది.

తిరిగి వెళ్ళాక మళ్ళీ దరఖాస్తు పెట్టమని నేను పోరుతూనే ఉన్నాను. "పెడతానే, కొంచెం ఓపిక రానీ" అనేది. ఆ మాటే అంటూ ఉండగా పోయింది. మరణ ధ్రువపత్రం ఆ ఇంటిపేరుతోనే వచ్చింది. దహనం కాగితాలూ అంతే. ఆ మనిషి తన బతుకులోంచి ఆవిడని తీసేశాడు. తన పేరు మాత్రం ఆవిడ మీద నుంచి తీయలేదు. తీసే మార్గం ఇప్పుడిక ఎవరికీ లేదు.

ఫిలిప్పీన్స్ ఆవిడే అక్కడ అన్నీ చూసుకుంది. సెలవులకి వస్తున్న ఒక రాజమండ్రి కుటుంబం అస్థికలు తెచ్చి ఇచ్చారు. గోదావరి ఘాట్‌లో పురోహితులు గారు దర్భలు సర్దుకుంటూ, అత్తవారి గోత్రం చెప్పమన్నారు. నాన్న మా గోత్రం చెప్పారు. అది పుట్టింటిది కదండి అన్నారాయన. విడాకుల సంగతి చెప్పాం. పాపం ఆయన కూడా ఇబ్బంది పడి, "గోత్రం తెలియనివాళ్ళకి కాశ్యప గోత్రం చెప్పే ఆచారం ఉందండి. అలా కానిద్దామా?" అన్నారు.

"తెలియకపోవడం ఏంటండి, మా నాన్నగారి కూతురు" అన్నారు నాన్న. గొంతు పెంచలేదు. "మా గోత్రమే చదవండి."

ఆయన చదివారు. పక్కన ఇంకో కుటుంబం కార్యక్రమం చేయించుకుంటున్నారు. వాళ్ళ మంత్రాల్లో అత్త పేరు సరిగా వినబడలేదు. నాన్న నడుంలోతు నీళ్ళలోకి దిగి అస్థికలు వదిలారు. బూడిద కొంతసేపు నీటి మీదే ఉండి, పాయగా సాగి, వంతెన వైపు వెళ్ళిపోయింది.

డబ్బా మిగిలింది. అక్కడి శ్మశానంవాళ్ళు ఇచ్చిన నల్ల ప్లాస్టిక్ డబ్బా. మూత మీద తెల్ల లేబులు, దాని మీద అచ్చులో అత్త పేరు, అతని ఇంటిపేరు. నేను దాన్ని సంచిలో పెట్టబోతే నాన్న తీసుకున్నారు. తడిబట్టలతోనే కింది మెట్టు మీద కూర్చుని బొటనవేలి గోరుతో లేబులు అంచు లేపారు. కాగితం పోగులు పోగులుగా వచ్చింది. కింద జిగురు మీద అక్షరాల నలుపు అలాగే ఉండిపోయింది. పురోహితులు గారు సంచి సర్దుకుని వెళ్ళిపోయారు. ఎండెక్కుతోంది నాన్నా, వెళ్దాం అన్నాను. ఉండమ్మా అన్నారు. దోసిట్లో గోదారి నీళ్ళు తీసుకుని మూత మీద పోసి, అది నానేదాకా ఆగి, మళ్ళీ గీకడం మొదలుపెట్టారు.