అత్త బొట్టు పెట్టిన బోల్టులు

ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన కొత్తల్లో నేను మందమర్రికి కోడలిగా వచ్చాను. మా మామకు పిండిగిర్ని ఉండేది. దాని పాత ఇంజను విప్పి బాగుచేయడానికి మంచిర్యాల మిస్త్రీ వచ్చాడు. ఇంజను పైమూతను బిగించే హెడ్డు బోల్టులు సాగిపోయాయని, మళ్లీ పనికిరావని అతనే చెప్పి కొత్తవి తెప్పించాడు. ఇంటికి కొత్త ఇనుప సామాను వస్తే బొట్టు పెట్టనిదే వాడనివ్వదు మా అత్త. ఒక్కో బోల్టు తలకు పసుపు, కుంకుమ పెట్టి ఇచ్చింది.

బిగించడం అయ్యాక హారతి పట్టుకొచ్చి చూస్తే బోల్టుల మీద నల్లరంగు నిగనిగలాడుతోంది.

"నేను పెట్టిన బొట్లు ఏడ పోయినయి బిడ్డా?" అని మిస్త్రీని అడిగింది అత్త.

"నూనెగుడ్డతోని తుడిచిన అవ్వా. తుప్పు పట్టొద్దని రంగేసిన."

నాకు నమ్మబుద్ధి కాలేదు.

మిస్త్రీ తిప్పగా ఇంజను అందుకుందో లేదో, ఒక బోల్టు తల తెగి నా చెవి పక్కనుంచి దూసుకెళ్లి తలుపుకు కొట్టుకుంది. మామ ఇంజను ఆపి ఆ ముక్క తీసి చూశాడు. తెగిన చోట పాత తుప్పు!

అత్త మిస్త్రీ సంచి తెచ్చి బోర్లించింది. కొత్త బోల్టులు బొట్లతో సహా దొర్లాయి.

"గీ బొట్లు తుడుసుడు మరిసినవా బిడ్డా?"

ఇప్పటికీ మా గిర్నికి ఏ సామాను తెచ్చినా ముందు బొట్టు పెట్టే ఇస్తాను. మిస్త్రీలు అది భక్తి అనుకుంటారు.